రుక్కమ్మ ఇనుప రంద

హఫీజ్‌పేట్ రైలు స్టేషన్ దగ్గర రుక్కమ్మ దుకాణం కంటికి కనిపించే ముందే చెవికి వినిపించేది. పొద్దున్నే మొదలయ్యే సుత్తి చప్పుడు మధ్యాహ్నం అన్నం వేళకు కాసేపు ఆగి, మళ్ళీ దీపాలు పెట్టేదాకా సాగేది. పాత ఇనుప సామాన్ల దుకాణం అది. కాలిపోయిన మోటార్లు, తిరగని ఫ్యాన్లు, చిల్లుపడ్డ బాయిలర్లు, కాళ్ళు విరిగిన కుర్చీలు అన్నీ చివరికి ఆమె ముందుకే వచ్చేవి. ఆమె వాటిని పగలగొట్టి బీడు అనే పోత ఇనుము ఒక కుప్ప, రాగి ఒక కుప్ప, ఇత్తడి ఒక కుప్ప పోసేది. ఎంత పేరున్న వస్తువైనా రుక్కమ్మ చేతిలో పడ్డాక పేరు పోయి బరువు మాత్రం మిగిలేది.

రుక్కమ్మది నలభై దాటిన వయసు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. పుట్టింది రాయదుర్గం గుట్టల్లో. తండ్రి రాళ్ళు కొట్టేవాడు. ఆయన ఉలులు మొద్దుబారితే మూటగట్టి కొలిమికి తీసుకుపోవడం, మొన పెట్టించుకుని రావడం చిన్నప్పుడు ఆమె పని. తెచ్చిన ఉలిని బండమీద టంగుమని మోగించి, చప్పుడు నచ్చకపోతే వెనక్కి తిరిగి కొలిమి ముసలాయనతో పోట్లాటకు దిగేది. అలా ఇనుముతో మాట్లాడడం ఆమెకు అప్పుడే వచ్చింది.

పెళ్ళయ్యాక హఫీజ్‌పేట్ వచ్చింది. మొగుడు సాయిలు మూడు చక్రాల రిక్షాబండి తొక్కుకుంటూ కాలనీలన్నీ తిరిగి పాత సామాన్లు కొనుక్కొచ్చేవాడు. సాయిలు గొంతు తియ్యన, మనసు మెత్తన. ఎవరేమన్నా తలూపుతాడు. బేరాలు అతనికి వదిలేస్తే బండి కూడా మిగలదని గ్రహించి రుక్కమ్మే దుకాణం తెరిచి కూర్చుంది. పిల్లలిద్దరికీ పెళ్ళిళ్ళు చేసింది. మాదాపూర్ వైపు గుట్టలు కొట్టి అద్దాల మేడలు లేపడం మొదలయ్యాక ఆమె దుకాణానికి చేతినిండా పని దొరికింది. రాత్రికి రాత్రి ఊరు పెరుగుతోంది. పెరిగే ఊరు పాతవన్నీ విసిరేస్తుంది. విసిరినవి రుక్కమ్మ దగ్గరికి వస్తాయి.

హైటెక్ సిటీ తెరిచిన మరుసటి ఏడు, వానలు పట్టుకున్న రోజుల్లో, సాయిలు బండినిండా బీడు వేసుకొచ్చాడు. కూకట్‌పల్లి వైపు మూతపడిన పాత ఫర్నిచర్ కార్ఖానా సామాను. రుక్కమ్మ సుత్తి తీసుకుని కూర్చుంది. కుప్పలోంచి మూరెడు కంటే కాస్త తక్కువ పొడవున్న ఒక తుప్పు ముద్ద చేతికొచ్చింది. మధ్యలో సందు, ముందు పగిలిన కొయ్య గుండు, వెనక ఏదో ఊడిపోయిన గుర్తు. సుత్తి ఎత్తబోతూ అలవాటు కొద్దీ దాన్ని బోర్లించింది. అడుగు భాగం బల్లపరుపుగా ఉంది. చీరకొంగుతో గట్టిగా రుద్దితే తుప్పు కింద నుంచి ఒక చారలో తెల్లటి మెరుపు వచ్చింది. బొటనవేలు ఆనించి చూసింది. నున్నగా, చల్లగా, చెరువు నీళ్ళ మీద చెయ్యి పెట్టినట్టు ఉంది.

సుత్తి కింద పెట్టేసింది.

"ఏమే, ఆగినవేంది?" అన్నాడు సాయిలు.

"గిది రంద గదా?"

వడ్రంగులు చెక్కను చిత్రిక పట్టడానికి వాడే పనిముట్టును అక్కడి జనం రంద అంటారు. సాయిలు వంగి చూశాడు. "రంద అంటే కట్టెతోని ఉంటది గని, గిదంత ఇనుమే. అయినా బ్లేడు లేదు, పిడి లేదు. ఏం రంద! పలగ్గొట్టి బీడుల ఎయ్యి."

రుక్కమ్మ దాన్ని బీడులో వెయ్యలేదు. తన వెనకున్న అరుగు మీద, చాయ్ ఫ్లాస్కు పక్కన పెట్టింది. 

ఎందుకు పెట్టిందో లక్ష్మీనారాయణ గారు వచ్చాక తేలింది. ఆయనది ప్రొద్దుటూరు వైపు. ఐటీఐలో పిల్లలకు వడ్రంగం నేర్పే మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. కొడుకు దినేష్‌కు మాదాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం రావడంతో భార్య శారదమ్మతో పాటు వచ్చి మదీనాగూడలో కొడుకు దగ్గరే ఉంటున్నాడు. ఆ కొత్త ఫ్లాటులో ఆయనకు తోచేది కాదు. మేకు కొడదామంటే గోడ పాడవుతుందని కోడలు భయపడేది. అందుకని పాత తలుపు గడియ కావాలనో, పాత కిటికీ బందు కావాలనో వంక పెట్టుకుని బజాజ్ చేతక్ స్కూటరు వేసుకుని రుక్కమ్మ దుకాణానికి వస్తుండేవాడు. గడియ కొనేవాడు, ఇంటికి తీసుకెళ్ళి ఏం చెయ్యాలో తెలియక మంచం కింద పెట్టేవాడు.

ఆ రోజు కూడా గడియ అడగబోయి, అరుగు మీదున్న రంద కంటపడి ఆగిపోయాడు.

"ఏమ్మా, ఇది యాడ దొరికె నీకు?"

"బండిల వచ్చింది సార్. గిది రందనే గదా?"

"రందనే! ఇనుప చిత్రిక. బలే పాతది. మా ఐటీఐలో ఇట్లాంటిది ఒకటే ఉండ్య. పెద్ద సారు బీరువాలో పెట్టి తాళమేసుకుంటా ఉండ్య. మమ్మల్ని ముట్టనిచ్చేటోడు గాదు." ఆయన దాన్ని రెండు చేతులతో ఎత్తి పసిబిడ్డను చూసినట్టు అటూ ఇటూ తిప్పాడు. "అయ్యో, ఎన్ని పోయినాయో చూడు. బ్లేడు ల్యా. బ్లేడును అదిమిపెట్టే మూత ల్యా. ఎనకపక్క పిడి ల్యా. బ్లేడును కిందికీ పైకీ జరిపే ఇత్తడి చక్రం ల్యా. ఈ ముందర గుండు గూడా పగిలిపోయింది."

"అయితే ఉన్నదేంది సార్?" అని నవ్వింది రుక్కమ్మ.

"ఒళ్ళుండాది గదమ్మా! ఒళ్ళు పగల్లేదు, వంకర పోలేదు. తక్కినవన్నీ మనం తెచ్చుకోవచ్చు." అని ఒక క్షణం ఆగి, కాస్త మొహమాటంగా, "నాకిస్తావా?" అన్నాడు.

రుక్కమ్మ ఇవ్వనంది. అంత గట్టిగా అన్నందుకు తనకే ఆశ్చర్యమేసింది. మాస్టారి ముఖం చిన్నబోవడం చూసి మాట కలిపింది. "గట్ల గాదు సార్. ఇరవయ్యేండ్ల సంది నాది పలగ్గొట్టుడే పని. మంచిదో చెడ్డదో, చేతికొచ్చిందల్లా ఇరగ్గొట్టిన. గీ ఒక్కదాన్ని మల్ల నిలబెట్టి చూడాలనిపిస్తున్నది. మీరు జెప్పుర్రి, నేను జేస్త."

లక్ష్మీనారాయణ గారికి ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఇంత ఇష్టంగా అడిగిన విద్యార్థి తగల్లేదు. ఆయన గడియ సంగతి మరిచిపోయి, చొక్కా చేతులు పైకి మడుచుకుని రుక్కమ్మ ఎదురుగా బోర్లించిన డ్రమ్ము మీద కూర్చున్నాడు.

ముందు తుప్పు వదలాలి. పట్టేసిన మరలు ఊడిరావాలి. మాస్టారు చెప్పినట్టు రుక్కమ్మ ఒక పాత నూనె డబ్బాలో కిరోసిన్ పోసి రందను ముంచి పెట్టింది. రోజూ దుకాణం తెరవగానే డబ్బాలో చెయ్యి పెట్టి మరలు కదులుతున్నాయేమో చూసుకునేది. సాయిలు దీన్ని చూసి నవ్వేవాడు. తెలంగాణలో మనోవ్యాధిని రంది అంటారు. దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ, "మా ఆమెకు రంద రంది వట్టుకున్నది" అని చెప్పేవాడు.

ఆ సాయిలే ఒక మధ్యాహ్నం కొంప ముంచాడు. రుక్కమ్మ రేషన్ షాపుకు కిరోసిన్ కోసమే వెళ్ళింది. అదే సమయానికి బీడును పటాన్‌చెరుకు తీసుకుపోయే లారీ వచ్చింది. వాన కమ్ముకొస్తోందని డ్రైవరు తొందరపెట్టాడు. కుప్పంతా ఎత్తి పోసే హడావిడిలో సాయిలు, కుప్ప పక్కనున్న డబ్బాను కూడా ఎత్తి లారీలో బోర్లించేశాడు. రుక్కమ్మ కిరోసిన్ క్యాను పట్టుకుని వచ్చేసరికి నేలంతా శుభ్రంగా ఉంది.

"డబ్బా ఏది?"

సాయిలు ఖాళీ డబ్బా చూపించాడు. చూపించాక అర్థమైంది అతనికి. రెండు చేతులతో నెత్తి పట్టుకున్నాడు. రుక్కమ్మ తిట్టలేదు. అందుకే అతనికి ఇంకా భయమేసింది.

సరిగ్గా అప్పుడే లక్ష్మీనారాయణ గారు గరుకు కాగితాలు కొనుక్కుని స్కూటరు మీద దిగాడు. సంగతి విని, కాగితాలు సాయిలు చేతిలో పెట్టి, "ఎక్కమ్మా" అన్నాడు.

ఆయన స్కూటరు నడిపే పద్ధతి మదీనాగూడలో అందరికీ తెలుసు. పక్కనుంచి సైకిళ్ళు దాటిపోతుంటాయి. అలాంటి మనిషి ఆ రోజు బొంబాయి రోడ్డు మీద లారీల సందుల్లోంచి దూరుకుంటూ పోయాడు. వెనక రుక్కమ్మ ఒక చేత్తో స్టెప్నీ చక్రం, ఒక చేత్తో ఆయన చొక్కా పట్టుకుని, అడ్డమొచ్చిన ప్రతివాడినీ, "జరుగు! జరుగు!" అని అరుస్తోంది. చందానగర్ దాటారు. వాన మొదలైంది. మాస్టారి కళ్ళద్దాల మీద నీళ్ళు కారిపోతున్నాయి.

"సార్, మీకు కనవడుతున్నదా?"

"సగం కనపడతాంది. తక్కిన సగం నువ్వు చెప్పు!"

పటాన్‌చెరు దగ్గర లారీలను తూచే పెద్ద కాటా ముందు బండ్లు బారులు తీరి ఉన్నాయి. వాటిలో తన లారీని రుక్కమ్మ దూరం నుంచే గుర్తుపట్టింది. డ్రైవరు చాయ్ తాగుతున్నాడు. సంగతి చెబితే, "లోడు దించుడు నాతోని గాదమ్మా" అన్నాడు.

"నిన్నెవడు దించుమన్నడు? నువ్వు చాయ్ తాగు, జల్దీ లేదు" అని రుక్కమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని చక్రం మీద కాలుపెట్టి లారీ పైకెక్కింది.

ఎక్కాక ఒక్కసారి నీరుగారిపోయింది. వానలో తడిసి లారీ నిండా ఉన్న బీడంతా ఒకే రంగు, ఒకే తుప్పు. ఏ ముక్క ఏదో తెలియడం లేదు. మోకాళ్ళ మీద కూర్చుని వాసన చూడడం మొదలుపెట్టింది. కింద నిలబడ్డ డ్రైవర్లకు ఆమె ఏం చేస్తోందో అర్థం కాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక మూల కిరోసిన్ వాసన తగిలింది. అక్కడ వాన నీళ్ళ మీద రంగురంగుల తెట్టు తేలుతోంది. పైనున్న ముక్కలు తీసి పక్కకు పెడుతూ పోతే, రెండు పంపు మూతల మధ్య ఇరుక్కుని రంద కనిపించింది.

"దొరికిందిరో!" అని ఆమె రెండు చేతులతో పైకెత్తి చూపిస్తే, అది దేనికో, ఎందుకో ఏమీ తెలియని లారీ డ్రైవర్లు కూడా ఈలలు వేశారు.

ఆ సాయంత్రం తడిసి ముద్దయి ఇంటికొచ్చిన మొగుణ్ణి శారదమ్మ నిలబెట్టి అడిగింది. అంతా విని, "నన్ను కూర్చోబెట్టుకుంటే గుడికి పొయ్యేలోగా పూజ అయిపోతాది. రుక్కమ్మను కూర్చోబెట్టుకుంటే లారీని పట్టుకుంటారా!" అంది. మర్నాడు ఆ రందేమిటో తనే చూడాలని బయల్దేరి వచ్చింది.

దుకాణంలో పిడి గురించి చర్చ జరుగుతోంది. మామూలు చెక్కతో చేస్తే చీలిపోతుందని, గట్టి చేవ ఉన్న కట్టె కావాలని మాస్టారు అంటున్నాడు. అంటూ అంటూ భార్య వైపు ఓరగా చూశాడు. శారదమ్మకు వెంటనే అర్థమైంది.

"నా రోకలి మీద కన్నేసినారా?"

"మిక్సీ వచ్చినాక దాన్ని ముట్టిందెప్పుడు? బాల్కనీలో ఎండకు ఎండుతాంది, వానకు తడుస్తాంది."

"ముట్టకపోతే మాత్రం? మా యమ్మ ఇచ్చింది అది. యిచ్చేది ల్యా" అని ఆమె లేచి వెళ్ళిపోయింది. రెండు రోజులు ఇంట్లో ఆ మాటే లేదు. మూడో రోజు ఆటోలోంచి రోకలితో దిగింది. "అడుగుపక్క జానెడు కోసుకోండి. తక్కింది నాకు కావల్ల. అయితే ఒక మాట. పిడి చెక్కేటప్పుడు నేను పక్కనుండల్ల."

పక్కన ఉండడమంటే ఊరికే ఉండలేదు. మాస్టారు చెక్కి చూపిస్తే చేత్తో పట్టుకుని, "ఈడ గుచ్చుకుంటాంది" అనేది. ఆకురాయితో ఇంకొంచెం రాసి ఇస్తే రుక్కమ్మ చేతికిచ్చి, "నీకెట్లుంది?" అని అడిగేది. రుక్కమ్మ చెయ్యి చిన్నది, వేళ్ళు లావు. ఇద్దరు ఆడవాళ్ళ చేతుల్లోనూ కుదిరేదాకా పిడి అలా అరుగుతూనే ఉంది. మిగిలిన ముక్కతో ముందరి గుండు కూడా చేశారు. తుప్పు మరకలు ఇంకా పోనిచోట్ల శారదమ్మ చింతపండు పులుసు పట్టించి, ఇటుకపొడితో తోమి, ఇత్తడి బిందెను మెరిపించినట్టు మెరిపించింది.

మూత పాత ఇత్తడి ఇస్త్రీపెట్టెలోంచి వచ్చింది. దాని పై రేకును కోసి, మధ్యలో తాళంచెవి రంధ్రంలాంటి సందు తీసి, పైన బిగించుకోవడానికి ఒక మర పెట్టారు. బ్లేడు ఎల్లేశం ఇచ్చాడు. ఎల్లేశం రుక్కమ్మ పుట్టింటి వైపువాడు, రాయదుర్గం వడ్రంగి. కొత్త ఆఫీసుల్లో ప్లైవుడ్ పనులు చేస్తూ కరెంటు మిషన్లలో పడ్డాక కట్టె రందను అటక మీద పెట్టేశాడు. "తీస్కపో అక్కా. అటక మీద ఉంటే తుప్పుకు తిండి" అని బ్లేడు ఊడదీసి ఇచ్చాడు. వెడల్పు సరిగ్గా సరిపోయింది కానీ మందం ఎక్కువైంది. రంద అడుగున ఉన్న సందును సన్నటి ఆకురాయితో కొంచెం కొంచెం పెద్దది చెయ్యడానికి మాస్టారికి చాలా ఓపిక పట్టింది.

ఇక ఇత్తడి చక్రం ఒక్కటే మిగిలింది. అక్కడ బండి ఆగిపోయింది.

బ్లేడును జరిపే ఆ చక్రం ఎక్కే మరచుట్ల కడ్డీ రందలోనే ఉంది. దానికి ఎక్కే నట్టు కోసం రుక్కమ్మ దుకాణంలో ఉన్న నట్లన్నీ వెతికింది. మాస్టారు బాలానగర్ వెళ్ళి జేబునిండా నట్లు తెచ్చాడు. సైజు సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది, ఒక్క చుట్టు కూడా తిరగదు. మరచుట్లు అరిగిపోయాయేమో అనుకున్నారు. భూతద్దం పెట్టి చూశారు. చక్కగా, పదునుగా ఉన్నాయి. మాస్టారికి నిద్ర పట్టడం లేదని శారదమ్మ ఫిర్యాదు చేసింది.

లారీ గొడవ అయినప్పటి నుంచి సాయిలు రంద జోలికి రాలేదు. దూరంగా బండి దగ్గర కూర్చుని తన పని తాను చేసుకునేవాడు. ఆ రోజు రిక్షా పెడలు ఊడిపోతే బిగించుకుంటున్నాడు. మాస్టారు చేతిలోని నట్టును ఎన్నోసారో తిప్పి, విసుగొచ్చి బల్ల మీద పడేశాడు. సాయిలు తలెత్తకుండానే అన్నాడు.

"ఉల్టా తిప్పి చూసిన్రా సార్?"

"ఉల్టా అంటే?"

"సైకిలుకు కుడి పెడలు గిట్ల తిప్పితే బిగుస్తది. ఎడమది గట్ల బిగియ్యది, ఉల్టా తిప్పాలె. లేకుంటే తొక్కుతుంటే తొక్కుతుంటే ఊడొస్తది. గా దానికి గూడ ఉల్టా చుట్లు ఉన్నయేమో. నాకేం ఎరుక."

 మాస్టారు రందను వెలుతురులోకి పట్టుకుని మరచుట్లు ఏ వైపు వాలి ఉన్నాయో చూశాడు. చూసి, తొడ మీద చరుచుకుని పగలబడి నవ్వాడు. "ఎడమ చుట్టు! సాయిలూ, ఎడమ చుట్టేనప్పా! ఇంతకాలం మా పెద్ద సారు బీరువాకు తాళమేసింది ఇందుకేనేమో!"

రుక్కమ్మ లేచి వెళ్ళి మొగుడి వీపు మీద ఒక్కటి చరిచింది. "గింత ఎరుకున్నోడివి ఇన్నొద్దులు నోరెందుకు మూసుకున్నవయ్యా?"

"నువ్వు మాట్లాడకుంటివి, నేను ఊకుంటిని" అన్నాడు సాయిలు. అతని ముఖం మాత్రం వెలిగిపోయింది. బాలానగర్‌లో లేత్ మిషను ఉన్నవాడి దగ్గరికి ఇత్తడి దిమ్మె తీసుకుని తనే వెళ్ళాడు. ఉల్టా చుట్లు కోయించి, చక్రం అంచుకు వేళ్ళు జారకుండా గీతలు కూడా పెట్టించుకొచ్చాడు.

ఆదివారం పొద్దున అందరూ దుకాణంలో చేరారు. ఎల్లేశం బ్లేడును రాయి మీద నూరి, ముంజేతి వెంట్రుకలు గొరిగి చూపించాడు. మాస్టారు అన్నీ బిగించి, ఒక టేకు చెక్కను బల్లకు కట్టి, రందను రుక్కమ్మ చేతికిచ్చాడు.

మొదటిసారి తోస్తే రంద చెక్కలో దిగబడి ఆగిపోయింది. రెండోసారి గాలి మీద జారిపోయింది. "చక్రం కొంచెం తిప్పు... ఆ పక్క గాదమ్మా, ఉల్టా!" మూడోసారి ఏదో పట్టుకుంది. ఎర్రటి పట్టులాంటి పొర ఒకటి సందులోంచి లేచి, చుట్టలు చుట్టుకుంటూ ఆమె మణికట్టు మీద పడింది. సర్రుమనే ఆ చప్పుడు ఆమె ఎన్నడూ వినలేదు. ఇన్నేళ్ళూ ఇనుము మీద ఇనుము మోగిన మోతలే ఆమె చెవుల్లో ఉన్నాయి. మళ్ళీ తోసింది. మళ్ళీ. చెక్క సగమయ్యేదాకా ఆమెను ఆపడం ఎవరివల్లా కాలేదు.

"ఇగ చాలు అక్కా, పీట జేద్దామనుకున్న, పుల్ల మిగిలింది!" అని ఎల్లేశం లాక్కున్నాడు.

నెల తిరక్కముందే ఎల్లేశం మళ్ళీ వచ్చాడు. మాదాపూర్‌లో ఒక అద్దాల మేడలో కింది హాలుకు పెద్ద టేకు బల్ల చేస్తున్నాడట. ఏదో పాత ఇంటి దూలం కోసి తెచ్చిన చెక్క. దాని నార ఒకచోట అటు, ఒకచోట ఇటు తిరిగి ఉంది. కరెంటు మిషను పెడితే పెచ్చులు లేస్తున్నాయి.

"అక్కా, జర నీ ఇనుప రంద ఇయ్యవా? రెండొద్దుల్ల తెచ్చిస్త."

"ఇస్త. గని దాని ఎంబడి నేనొస్త."

ఎల్లేశం బతిమాలినా వినలేదు. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, రందను పాత తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. గేటు దగ్గర కాపలా మనిషి సంచి విప్పించాడు. ఇత్తడి మెరుస్తూ, ఇనుము నల్లగా నిగనిగలాడుతూ బయటపడ్డ ఆ వస్తువును చూసి, "ఇదేందమ్మా? బొమ్మనా?" అన్నాడు.

"పనిమంతురాలు" అంది రుక్కమ్మ, తువ్వాలు కప్పుతూ. "లోపల పనున్నది దీనికి."

లోపల చల్లగా ఉంది. నేలంతా నల్లటి బండలు పరిచి ఉన్నాయి. వాటిలో తన ముఖం కనిపిస్తే రుక్కమ్మ ఒక క్షణం ఆగింది. చెప్పులు విడిచి అరికాలు ఆనించింది. రాయి ఇంత నున్నగా అవుతుందని తండ్రికి చెబితే నమ్మేవాడు కాదు అనుకుంది. నవ్వుకుని చెప్పులు చేతబట్టుకుని నడిచింది.

ఎల్లేశం నార ఎటు తిరిగితే అటు తిరుగుతూ నెమ్మదిగా చిత్రిక పట్టాడు. పెచ్చులు లేవలేదు. చెక్క లోపలి గీతలు నీళ్ళలోంచి పైకి తేలినట్టు ఒక్కొక్కటీ బయటపడ్డాయి. చుట్టూ టేకు వాసన కమ్ముకుంది. మెడలో కార్డులు వేలాడేసుకుని లిఫ్టు కోసం నిలబడ్డ కుర్రవాళ్ళు కొందరు దగ్గరికొచ్చారు. మౌనిక అనే ఒక అమ్మాయి నేల మీద పడ్డ పొరను తీసి కళ్ళకు అడ్డం పెట్టుకుంటే అవతలి వెలుతురు కనిపించింది. "ఆంటీ, ఇది నేను ఉంచుకోవచ్చా?" అని అడిగింది.

"ఒక్కటేంది బిడ్డా, సంచెడు తీస్కపో!"

చివర ఒక గజం చెక్క మిగిలినప్పుడు ఎల్లేశం పక్కకు జరిగి, "రా అక్కా" అన్నాడు. పదిమంది చూస్తున్నారని రుక్కమ్మ సిగ్గుపడలేదు. కొంగు నడుముకు చుట్టి, శారదమ్మ రోకలి పిడిని పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ఊపులో తోసింది. పొర ఎక్కడా తెగలేదు. కుర్రవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆమె వాళ్ళ వైపు తిరిగి, "మా ఇంటాయన ఉంటే చూస్తుండె. ఇందుల చక్రం ఆయనదే" అంది.

ఆ తర్వాత ఎల్లేశం తోటివాళ్ళు ఒక్కొక్కరే హఫీజ్‌పేట్ దారి పట్టారు. ఒకరు చెక్కకు రంధ్రాలు చేసే బర్మా పిడి లేనిది తెచ్చారు. ఒకరు చెక్కలను అదిమిపట్టే బిగింపు కర్ర దవడ విరిగింది తెచ్చారు. రుక్కమ్మ దుకాణంలో సుత్తి మోత ఆగలేదు. ఇనుము పగలాల్సిందే, కుప్పలు పడాల్సిందే. కానీ అరుగు పక్కన రేకుల పందిరి కింద ఇంకొక మూల తయారైంది. అక్కడ లక్ష్మీనారాయణ గారికి ఒక స్టూలు, ఆకురాళ్ళకు ఒక పలక, శారదమ్మ పంపే మజ్జిగ చెంబుకు ఒక చోటు. ఫ్లాటులో మంచం కింద చేరిన పాత గడియలన్నీ కూడా ఆ మూలకే వచ్చాయి. కోడలు ఊపిరి పీల్చుకుంది.

సాయిలు కాలనీల్లో పెట్టే కేకకు కొత్త తోక వచ్చింది. "పాత ఇనుప సామాన్ కొంటం" అన్నాక కొంచెం ఆగి, రాగం తీసి, "చెయ్యి ఇరిగినయ్, కాలు ఇరిగినయ్ బాగుజేస్తం" అనేవాడు. ఇది విని హఫీజ్‌పేట్‌లో ఒక ముసలావిడ మోకాలు చూపించడానికి బయటికొచ్చిందట. సాయిలే చెప్పి నవ్వేవాడు.

ఆ చలికాలంలో అతను ఒక సేమ్యా మిషను తెచ్చాడు. తిప్పే చెయ్యి లేదు, సేమ్యా దిగే చిల్లుల బిళ్ళ పగిలింది, లోపల పిచ్చుక గూడు కట్టింది. రుక్కమ్మ దాన్ని బోర్లించి చూసింది, టంగుమని మోగించింది.

"బీడు మంచిగున్నది. సార్, ఏమంటరు?"

"చెయ్యొచ్చమ్మా. అయితే శారద చేతికి పనెక్కువైతాది" అన్నాడు మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

పని ఎక్కువే అయింది. మొదటి వాయి సేమ్యా తుప్పు రంగులో ఎర్రగా వచ్చింది. ఎంత చెప్పినా వినకుండా సాయిలు అదీ రుచి చూసి ముఖం వికారంగా పెట్టాడు. రెండో వాయి తెల్లగా, సన్నగా దిగింది. దుకాణం ముందు నులకమంచం మీద చీర పరిచి ఆరబెట్టారు. ఆ మధ్యాహ్నం సామాన్లు అమ్ముకోవడానికి వచ్చినవాళ్ళందరికీ తలా ఒక గ్లాసు పాయసం అందింది.